యజమానుల లాయరూ, పెడన కాలువా

బందరు కోర్టు ఆవరణలో నన్ను చూసి నవ్వుకునే కుర్ర లాయర్లు ఇప్పటికీ ఉన్నారు. నల్లకోటు లేదు, పట్టా లేదు, చదివింది ఆరో తరగతి, చంకలో గుడ్డసంచీ. అయినా లేబరు కేసుల్లో కార్మికుడి తరఫున యూనియన్ మనిషి నిలబడి వాదించవచ్చని చట్టమే చెబుతోంది. ఆ సెక్షను నేను చదివాను. నవ్వేవాళ్ళు చదివారో లేదో నాకు అనుమానమే.

నన్ను ఈ దారి పట్టించినవాడు కూడా ఒక లాయరే. కార్మికుల లాయరు కాదు, యజమానుల లాయరు.

వయసులో ఉన్నప్పుడు గుడివాడలో ఒక రైసుమిల్లులో ఫిట్టరుగా పనిచేసేవాణ్ణి. బెల్టులో పడి ఒకతని చెయ్యి నలిగితే ఓనరు ఆస్పత్రి మొహం కూడా చూడలేదు. నేను మెషీను ఆపేశాను, నన్ను తీసేశారు. కేసు వేశాను. మిల్లు తరఫున వచ్చిన లాయరు నా ఈడువాడే. సన్నగా, నెమ్మదిగా ఉన్నాడు. నేను బోనెక్కగానే, అన్నం తిన్నారా అండీ అని అడిగాడు. తిన్నానన్నాను. మెషీను ఆపింది మీరేనా అన్నాడు. అవునన్నాను. ఎవరైనా ఆపమంటే ఆపారా, మీ అంతట మీరే ఆపారా అన్నాడు. నాకు రోషం ఎక్కువ. ఇంకొకరు చెప్పేదేమిటి, నా అంతట నేనే ఆపానన్నాను. థాంక్సండీ అని కూర్చున్నాడు. నా ఉద్యోగం అక్కడితో సరి.

ఆ తీర్పు కాపీని డిక్షనరీ పక్కన పెట్టుకుని ఒక్కొక్క మాటే చదివాను. నా ఇంగ్లీషుకి అదే మొదటి వాచకం. ఆ తర్వాత ఎవరు కేసు ఓడిపోయినా కాగితాలు అడిగి తెచ్చుకునేవాణ్ణి. గెలిచిన కేసులు మనకేమీ నేర్పవు.

ఆ లాయరుది దివిసీమ. నాగాయలంక అవతల ఒక పల్లెలో క్రైస్తవ కుటుంబం. వాళ్ళ నాన్న ఆసామి ఇంట్లో పాలేరు. ఇది తెలిసినప్పుడు నాకు ఒళ్ళు మండిపోయింది. పాలేరు కొడుకు చదువుకుని లాయరై, రైసుమిల్లుల పక్కనా, ఐసు ఫ్యాక్టరీల పక్కనా, రొయ్యల కంపెనీల పక్కనా నిలబడతాడా? ఒకసారి కోర్టు బయట టీ కొట్టు దగ్గర మొహం మీదే అడిగాను. ఆయన గ్లాసు కింద పెట్టి అన్నాడు.

"మా నాన్నని తన్నిన ఆసామికి లాయరు లేడు బావగారూ. లాయరు ఉన్నవాడు కోర్టుకొస్తాడు. లేనివాడు కర్ర తీసుకొస్తాడు. మీకెవడు కావాలి?"

ఆయన కులమెక్కడ, నా కులమెక్కడ, ఈ బావగారేమిటి? వద్దని చెప్పి చూశాను. ఎంత వద్దంటే అంత పిలిచాడు. మా యూనియన్ వాళ్ళు కూడా, "మీ బావగారు వచ్చాడు, పదండి" అని ఏడిపించేవాళ్ళు. ఇద్దరం ఆ వరండాల్లోనే ముసలివాళ్ళమయ్యాం. నేను గెలిచినవి తక్కువ.

ఇక పెడన కేసు. ఇది ఈ మధ్య సంగతే.

పెడనలో అద్దకం పనికి నిండు కాలువ కావాలి. అచ్చు వేసిన గుడ్డని పారే నీళ్ళలో జాడిస్తే అదనపు రంగు కిందికి పోతుంది. నిలవ నీళ్ళలో పెడితే వదిలిన రంగు మళ్ళీ గుడ్డకే అంటుకుని మరకలు పడుతుంది. సముద్రం దగ్గర కదా, బోరు నీళ్ళు ఉప్పు. అవి తగిలితే రంగు చచ్చిపోతుంది. అందుకని వేసవిలో కాలువ కట్టేశారంటే షాపుల్లో పని కట్టేసినట్టే. ఎవరూ ఎవరికీ చెప్పరు. సెలవు చీటీ ఉండదు, నోటీసు ఉండదు. కాలువ అడుగు కనబడగానే జనం తలో దారిన వేరే పనికి పోతారు. నీళ్ళు తిరిగొచ్చిన రోజున వచ్చి ఎవరి బల్ల దగ్గర వాళ్ళు నిలబడతారు. తాతల నాటి నుంచీ అదే పద్ధతి.

ఒకావిడ ఇరవై ఏళ్ళ పైబడి ఒకే షాపులో, కిటికీ పక్క బల్ల మీద అచ్చు వేస్తోంది. భర్త లేడు. ఒకరోజు షాపుకి గుడ్డ కొనే కంపెనీవాళ్ళు వచ్చారు. మీకేమైనా ఇబ్బందులున్నాయా అని మర్యాదకి అడిగారు. మిగతావాళ్ళు తల దించుకుంటే ఈవిడ మాత్రం, ఆడవాళ్ళకి మరుగుదొడ్డి లేదండి, గట్టు అవతలికి పోతున్నాం అంది. ఓనరు మొహం నల్లబడింది. అప్పుడేమీ అనలేదు. వేసవిలో కాలువ కట్టేశారు, ఈవిడ ఎప్పటిలాగే దివిసీమలో చెల్లెలి దగ్గరికి రొయ్యల పనికి వెళ్ళింది. నీళ్ళు వచ్చాయని తెలిసి తిరిగొస్తే ఆ బల్ల దగ్గర ఇంకో మనిషి ఉన్నాడు. నువ్వు మానేశావు కదమ్మా అన్నాడట ఓనరు.

నా దగ్గరికొచ్చి ఆవిడ ఒకటే అడిగింది. "డబ్బులొద్దు బాబాయ్. నా బల్ల నాకిప్పించు. ఈ వయసులో ఇంకో షాపువాడు నన్ను బల్లెక్కనివ్వడు, రంగు ఉడికే కాగుల కింద మంట పెట్టుకోమంటాడు."

కేసు వేశాం. అనుకున్నట్టే అవతలివైపు బావగారే. ఓనరు తరఫున ఇంగ్లీషులో అఫిడవిట్ వచ్చింది. వేసవిలోనూ షాపు ఆగకుండా నడిచిందట, బోరు నీళ్ళతో ఉతుకులు సాగాయట, ఈవిడ చెప్పాపెట్టకుండా పని వదిలి వెళ్ళిపోయిందట. అది చదివాక నేను కూర్చోలేకపోయాను. సంచీ పట్టుకుని బస్టాండు దాకా నడిచి, ఎందుకొచ్చానో తెలియక వెనక్కి వచ్చాను. పైగా పెడనలో సాక్ష్యం చెప్పడానికి ఒక్క పనివాడూ ముందుకి రాలేదు. నిజమే కానీ మా బల్లలు కూడా పోతాయి పెద్దాయనా అన్నారు. వాళ్ళ మీదా కోపం వచ్చింది. ఆ కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ముందు ఆవిడ సాక్ష్యం అయింది. బావగారు మామూలుగానే అన్నం తిన్నావా అమ్మా అని మొదలుపెట్టాడు. ఆ నెలల్లో పనికి రాలేదు కదూ అన్నాడు. రాలేదండి. వెళ్తున్నట్టు ఓనరుకి చెప్పావా? లేదండి, కాలువ కట్టేశారు కదండి అంది. కాలువ సంగతి నేను అడగలేదమ్మా, చెప్పావా లేదా? లేదండి. థాంక్సమ్మా. నన్ను ఓడించింది కూడా ఈ థాంక్సే. ఇన్నేళ్ళూ దాని గొంతు కూడా మారలేదు.

ఓనరు వంతు వచ్చేసరికి లేబర్ కోర్టు బందరులో క్యాంపు పెట్టింది. ఆ రోజు పెడన నుంచి మరికొందరు షాపు ఓనర్లు కూడా వచ్చారు. ఈ కేసు తమ మీదికి కూడా వస్తుందేమోనని చూడ్డానికి. నేను వరండాలో అటూ ఇటూ తిరుగుతున్నాను. నా దగ్గర ఉన్న ప్రశ్నలన్నీ హాజరు గురించే, వాటికి బావగారు జవాబులు రాసి సిద్ధంగా ఉంచుతాడని నాకు తెలుసు. అప్పుడు చూశాను. మా కేసులోని ఓనరు తన షాపు గుడ్డతోనే కుట్టించిన చొక్కా వేసుకొచ్చాడు. ఇంకో ఓనరు ఆ కాలరు వేళ్ళ మధ్య నలిపి చూసి, "రంగు బాగా నిలబడిందిరా" అన్నాడు. మావాడు, "మనది కాలవ నీళ్ళ సరుకురా, నీలాగా కాదు" అన్నాడు. అందరూ నవ్వారు.

నా ప్రశ్నల కాగితం మడిచి సంచీలో పెట్టేశాను.

ఓనరు బోనులో నిలబడ్డాడు. అఫిడవిట్ మీద సంతకం నాదేనన్నాడు. నేను లేచాను.

"మీ చొక్కా మీ షాపు సరుకేనా అండీ?"

"మాదేనండి."

"అయితే ఇది బోరు నీళ్ళలో ఉతికిందా?"

వెనక బెంచీలో ఓనర్లు కదిలారు. ఈయన వాళ్ళ వైపు చూశాడు, లాయరు వైపు చూడలేదు.

"బోరు నీళ్ళా? మా తాత నాటి నుంచీ మా గుడ్డ పారే నీళ్ళు తప్ప ఎరగదండి. కావాలంటే మార్కెట్లో అడగండి."

"మరి కాలువ కట్టేసిన నెలల్లో?"

"అచ్చే వెయ్యం. వేసి ఎక్కడ ఉతుకుతామండి?"

జడ్జిగారు ఆ మాట టైపు చేయించారు. అన్న మాట ఏమిటో ఓనరుకి అప్పుడు అర్థమైంది. ఇక లాయరు వంతు. జారిన సాక్షిని మళ్ళీ ప్రశ్నలడిగి నిలబెట్టడం ఆయనకి వెన్నతో పెట్టిన విద్య. ఉతుకులు లేకపోయినా షాపులో వేరే పనులు ఉంటాయి కదా అని ఒక్కటి అడిగితే చాలు, మా గెలుపు మళ్ళీ గాలిలో ఉండేది. నేను బల్ల అంచు పట్టుకుని చూస్తున్నాను.

"తిరిగి అడిగేది లేదండి" అని ఆయన ఫైలు కట్టేశాడు.

గెలిచానని సంతోషించాల్సింది పోయి నాకు ఒళ్ళు మండింది. టీ కొట్టు దగ్గర పట్టుకున్నాను. బోరు నీళ్ళని రాసింది మీరేగా, అబద్ధమని తెలియదా అన్నాను. ఓనరు చెప్పిందే రాశాను అన్నాడు. మరి తిరిగి ఎందుకు అడగలేదు అన్నాను.

"కాయితం మీదయితే ఎవడైనా సంతకం పెడతాడు బావగారూ. నోటితో చెప్పలేనిది నేను రెండోసారి చెప్పించను. అంతవరకే నా నీతి. దానికి మీరు దండ వెయ్యక్కర్లేదు."

వెయ్యలేదు. టీ డబ్బులు మాత్రం ఎవరివి వాళ్ళం ఇచ్చుకున్నాం.

ఆవిణ్ణి పనిలోకి తీసుకోవాలని తీర్పు వచ్చింది. కిటికీ పక్క బల్ల మళ్ళీ ఆవిడదయింది. మరుగుదొడ్డి కట్టడం ఇంకా మొదలు కాలేదు, దాని సంగతి వేరే రాస్తాను. నాకు నిలకడ లేకుండా చేసింది ఇంకొకటి. వేసవి వచ్చేసరికి ఆ షాపు గోడ మీదా, వరసగా మిగతా షాపుల గోడల మీదా ఒకే రకం కాగితం అంటించారు. కాలువ కట్టేసిన కాలంలో పని ఉండదు, నీరు విడుదలైన మూడో రోజులోగా రానివారు పని వదులుకున్నట్టే. ఆ భాష నాకు తెలుసు. దాని అఆలు నేర్చుకున్నదే బావగారి కాగితాల్లో. తాతల నాటి పద్ధతిని నేను కోర్టులో నిలబెట్టాను, ఆయన దానికొక తలుపు బిగించి గడియ పెట్టాడు.

ఆవిడ ఆ కాగితం ముందు చాలాసేపు నిలబడింది. వెళ్ళకపోతే తిండి లేదు, వెళ్తే బల్ల ఉంటుందో లేదో. దివిసీమలో ఆ రొయ్యల చెరువుల దగ్గర కూర్చుంటే ఇక్కడి కాలువ సంగతి ఎవరు చెబుతారు? నీళ్ళు చూసే పని నాది, నువ్వెళ్ళు అన్నాను. అప్పటినుంచీ రోజూ బందరు నుంచి బస్సెక్కి పెడన వెళ్ళి వంతెన మీద నిలబడి వస్తున్నాను. ఎండిన బురద, ప్లాస్టిక్ సంచులు, ఎవరో కట్టేసిన గేదె. ఇంట్లో ఉంటే ఈ క్షణమే వచ్చేస్తున్నాయేమోనని అనిపించేది. ఓనర్లకి పైనుంచి ముందే కబురొస్తుంది, పనివాళ్ళకి రాదు. మూడు రోజులు ఎక్కణ్ణుంచి లెక్కపెడతారో కాగితంలో లేదు. అది మరిచిపోయి వదిలేసింది కాదని నాకు తెలుసు.

ఒక మధ్యాహ్నం వంతెన మీదుండగా ఫోను మోగింది.

"బావగారూ, పైన లాకులు ఎత్తారట. నీళ్ళు రేపటికి పెడన చేరతాయి. ఓనర్లకి పొద్దున్నే తెలిసింది."

"నాకెందుకు చెబుతున్నారు?"

"చెప్పొద్దని నా క్లయింట్లు అడగలేదు కాబట్టి" అని పెట్టేశాడు.

కిందికి చూశాను. చుక్క నీరు లేదు, బురద పగుళ్ళు. ఈయన మాట నమ్మి పిలిస్తే, నీళ్ళు రాకపోతే, అక్కడి కూలీ పోయినట్టే. పిలవకపోతే, వస్తే, బల్ల పోయినట్టే. ఇన్నేళ్ళలో ఆ మనిషి ఎవరెవరి నోటో ఎన్నో పలికించాడు. తన నోటితో నాకు అబద్ధం చెప్పిన సందర్భం కోసం వెతికాను. కోపంతో వెతికినా దొరకలేదు.

ఆవిడకి ఫోను చేశాను.

"నీళ్ళు చూశావా బాబాయ్?"

"చూడలేదు."

"మరెవరు చెప్పారు?"

"అవతలి లాయరు."

రొయ్యల షెడ్డు చప్పుడులోంచి, రేపటి నుంచి రానని ఆవిడ ఎవరితోనో చెప్పడం వినబడింది. తర్వాత, "అయితే సాయంత్రం బస్సుకి బయల్దేరతా" అంది.

నాకు మాత్రం నమ్మకం కుదరలేదు. మర్నాడు తెల్లారకముందే వెళ్ళి వంతెన మీద నిలబడ్డాను. గేదెని ఎవరో విప్పుకుపోయారు. కాసేపటికి పైనుంచి నురగా, ఎండుటాకులూ, ఆ ప్లాస్టిక్ సంచులూ ముందు తోసుకుంటూ ఎర్రటి నీళ్ళు వచ్చాయి. షాపు తలుపు ఇంకా తియ్యలేదు. గోడ మీది కాగితం కిందే, చేతిసంచీ పక్కన పెట్టుకుని ఆవిడ కూర్చుని ఉంది.