లింగమ్మత్త తొడిగించుకున్న గాజులు

ఈరోజు మైదుకూరులో మా వాకిట్లోకి గాజులాయన వచ్చాడు. ఆ గలగలకు కోసిగిలో మా పక్కింటి లింగమ్మత్త గుర్తొచ్చింది. మా వయసు వాళ్లకు గుర్తుందా, గాజుల మూట విప్పితే చుట్టూ మూగేవాళ్లం?

అత్త మొగుడు సుగ్గికి, అదే, మిరపకాయల కోతకు వలసపోయి తిరిగి రాలేదు. రైలు కింద పడ్డాడని కొందరు, అక్కడే ఇంకొకామెను కట్టుకున్నాడని కొందరు అనేవాళ్లు.

ఒకసారి అత్త గాజులకు చెయ్యి చాపితే ఎదురింటామె ఆపింది.

"మొగుడు ఉండాడో లేడో, నీకు గాజులేంది లింగమ్మా?"

"ఉండాడు. ఇంకొకదాన్ని కట్టుకున్యాడని మీరే అంటిరి కదా."

"అది నమ్ముతాండావా?"

"నమ్మకపోతే రైలు మాట నమ్మల్ల కదక్కా."

చాపిన చెయ్యి వెనక్కి తీసుకోకుండా అత్త డజను గాజులు తొడిగించుకుంది.