రాళ్ళ ఆట: పాతదీ కొత్తదీ

మా అమ్మ వీడియో గేములు ఆడుతుందంటే మా ఆఫీసులో ఎవరూ నమ్మరు. ఫోన్‌లో రంగురంగుల మిఠాయిలు పేల్చే ఆటేమో అనుకుంటారు. కాదు. నేను స్కూల్లో చదువుకునే రోజుల నుంచీ అమ్మ ఆడేది ఒకే ఒక ఆట. టీవీకి తగిలించే గేమ్ పెట్టె ఒకటి నాన్న కొనుక్కొచ్చాడు. దాంతో వచ్చిన పసుపురంగు క్యాసెట్‌లో ఉండేది అది. పాతకోటలో చిక్కుకుపోయిన ఒక చిన్న మనిషి. గదిగదికీ రాళ్ళు, నిచ్చెనలు, మీటలు. ఏ రాయిని ఎటు తొయ్యాలో, దేనిమీది నుంచి దేనిమీదికి దూకాలో కనిపెడితే తలుపు తెరుచుకుంటుంది. తొందరపడి రాయిని మూలకు తోశామా, ఇక అది కదలదు, గది మొదటి నుంచీ ఆడుకోవలసిందే. ఆటకు ఇంగ్లిష్‌లో పేరుంది గానీ మా ఇంట్లో అది రాళ్ళ ఆట.

నాకు కొన్నాళ్ళకే విసుగొచ్చింది. అమ్మకు రాలేదు. మాది సౌకార్‌పేటలో ఇరుకు సందు. కింద జిప్పులూ గుండీలూ టోకున అమ్మే కొట్టు, పైన మా ఇల్లు. నాన్న ఆ కొట్టులోనే గుమాస్తా. మధ్యాహ్నం భోంచేసి నాన్న కిందికి దిగాక, సందులో మూటలు దించేవాళ్ళ కేకల మధ్య, అమ్మ కిటికీ తలుపు దగ్గరికి వేసుకుని ఆడేది. నేను స్కూలు నుంచి వచ్చేసరికి అమ్మ వంటింట్లో ఉండేది, టీవీ మాత్రం ఇంకా వేడిగా ఉండేది. ఒకరోజు తనే నన్ను పిలిచి కూర్చోబెట్టింది.

"ఈడ చూడు పాపా. ఈ రాయిని ముందే తోసేస్తే పోయింది. వాడు దీని మీదికెక్కి ఆడికి దూకి, మీట నొక్కి, తిరిగొచ్చినాక తొయ్యాల."

నేను రోజుల తరబడి దాటలేకపోయిన గది అది.

ఆ తర్వాత ఆ ఆట చాలా రూపాల్లో వచ్చింది, దాదాపు అన్నీ నేను ఆడాను. కాలేజీలో ఉండగా కంప్యూటర్‌కు వచ్చినదాంట్లో రంగులు మార్చారు, మనిషికి టోపీ పెట్టారు. దూకితే మరీ దూరం పోయేవాడు, సగం గదుల్లో రాళ్ళతో పనే లేకుండా పోయింది. ఫోన్‌కు వచ్చినదాంట్లో బటన్లు అద్దం మీదే ఉండేవి. నొక్కబోతే మన వేలే దాటాల్సిన గోతిని కప్పేసేది. పైగా గదికో ప్రకటన. అమ్మ దాన్ని ఒక పూట ఆడి, "ఇది ఆటా, సంతా?" అని ఫోన్ నా చేతిలో పెట్టేసింది. త్రీడీలో తిరిగే భాగం కూడా ఒకటి వచ్చింది గానీ దాన్ని చూస్తే అమ్మకు తల తిరిగేది. చివరికి పసుపు క్యాసెట్టే నిలిచింది. పెట్టె పాడయ్యాక ఆ ఆటనే లాప్‌టాప్‌లో ఎక్కించి టీవీకి కలిపి ఇచ్చాను.

నేను ఇప్పుడు ఆఫీసుకు దగ్గరగా, ఊరికి ఆ చివర షోళింగనల్లూరులో ఉంటున్నాను. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడమే నా ఉద్యోగం. ఆదివారాలు ఇంటికి వెళ్తాను. నిరుడు ఆ మొదటి ఆటనే మళ్ళీ కొత్తగా గీసి విడుదల చేశారని తెలిసి, గేమ్ మెషీన్‌తో సహా తీసుకెళ్ళాను. అవే గదులు, అవే రాళ్ళు. కానీ ఇప్పుడది నిజం కోటలా ఉంది. పాతదాంట్లో లేని చీకటి దారులు, గోడలకు దీపాలు, రాళ్ళ మీద నాచు. పొరపాటు చేస్తే ఒక బటన్ నొక్కి వెనక్కి వెళ్ళవచ్చు. నాకు భలే నచ్చింది.

అమ్మ మాత్రం రెండో గదిలోనే గోతిలో పడింది. మళ్ళీ ఆడింది, మళ్ళీ అక్కడే పడింది.

"దూకడం మార్చేసినారు పాపా. వాడు ముందులాగ దూకడం లేదు."

నా వృత్తి బుద్ధి పోదు కదా. ఆ మధ్యాహ్నమే లాప్‌టాప్‌ను కూడా టీవీ పక్కనే పెట్టుకుని, అదే గదిని పాతదాంట్లో, కొత్తదాంట్లో మార్చి మార్చి ఆడి చూశాను. ఎత్తు అదే, దూరం అదే. మారిందేమీ లేదు. అమ్మను ఆడమన్నాను. పాతదాంట్లో మాట్లాడుతూనే, తడబడకుండా దాటేసింది. కొత్తదాంట్లో అదే గోతి అంచున ఒక అడుగు ఎక్కువ వేసి పడిపోయింది.

"నాకు వయసైపోయింది, అంతే" అంది అమ్మ.

"వయసైతే దాంట్లోనూ పడాలి కదమ్మా. ఇది నచ్చలేదా నీకు?"

"నచ్చకేమి, అందంగానే ఉండాది. ఆ దీపాల చుట్టూ అంత పొగ ఎందుకు పెట్టినారో! దాంట్లో అంచు యాడుందో తెలవడం లేదు."

నేను టీవీ వైపు చూశాను. దీపం ఉంది. దాని కింద గోడ రాళ్ళు, గోతి అంచు స్పష్టంగా కనిపిస్తున్నాయి. పొగ ఎక్కడా లేదు.

"ఏ పొగమ్మా?"

"అదో, తెల్లంగా, గుండ్రంగా." లేచి వెళ్ళి దీపం చుట్టూ వేలితో సున్నా చుట్టి చూపించింది.

నా గొంతు మామూలుగా ఉండేలా చూసుకుని అడిగాను. "వీధి దీపాలకు కూడా అట్లాగే కనిపిస్తుందా?"

"ఊర్లో అన్ని లైట్లకీ ఉండాది కదే! మనలి పక్క ఫ్యాక్టరీల పొగ ఈడికి రాకుండా ఉంటుందా?"

మా మాటలు విని పక్క గదిలోంచి నాన్న లేచి వచ్చాడు. సాయంత్రాలు కూరగాయలకు వెళ్ళడం అమ్మ ఎందుకు మానేసిందో, మెట్లు దిగేటప్పుడు గోడ ఎందుకు పట్టుకుంటోందో నాకూ నాన్నకూ ఒకేసారి అర్థమైంది. అమ్మకే అర్థం కాలేదు. మెల్లమెల్లగా వచ్చింది కాబట్టి, అందరికీ లోకం అట్లాగే ఉందనుకుంది.

ఆ వారమే కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. రెండు కళ్ళలోనూ శుక్లాలు. పాతవి కావడంతో బాగా ముదిరాయి, అయినా ఆపరేషన్ చేస్తే చూపు బాగానే వస్తుంది అన్నారు డాక్టరమ్మ. అమ్మ ఆపరేషన్ అనగానే చీర కొంగు పిడికిట్లో బిగించింది.

"ఇప్పుడు ఏదో కనిపిస్తా ఉండాది. కోసినాక అదీ పోతే?"

"పోదమ్మా. ఇంకా మంచిగా కనిపిస్తుంది" అన్నారు డాక్టరమ్మ.

అమ్మ ఆలోచించి, సిగ్గుపడుతూ అడిగింది. "అయినాక గేమ్ ఆడొచ్చునా?"

డాక్టరమ్మ నా వైపు చూశారు. ఇంట్లో పిల్లలెవరైనా ఆడించమంటారేమో అనుకున్నట్టున్నారు. విషయం చెప్పాను. ఆమె నవ్వలేదు. కుర్చీ ముందుకు జరుపుకుని, అదేం ఆట, ఎట్లా ఆడతారు, ఎక్కడ పడిపోయారు అని అన్నీ అడిగారు. అమ్మ రాళ్ళ ఆట మొత్తం వివరించింది. బయట మనుషులు వేచి ఉన్నా ఆవిడ విన్నారు. ఆపరేషన్‌కు అమ్మ ఒప్పుకున్నది అక్కడే అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ముందు ఒక కన్ను, అది కుదుటపడ్డాక రెండోది. నాన్న కొట్టుకు సెలవు పెట్టి, వేళ తప్పకుండా చుక్కలు వేశాడు. అమ్మ తలకు నీళ్ళు తగలకూడదు, వంగకూడదు, పొయ్యి దగ్గరికి పోకూడదు. నాన్న చేసిన చారు తిని, "సుమ్మా, ఉత్త పెరుగన్నమే పెట్టు సామీ" అని దండం పెట్టింది.

డాక్టరమ్మ సరేనన్నాక ఒక ఆదివారం మళ్ళీ కొత్త ఆట పెట్టాను. అమ్మ ఆడలేదు. మనిషిని గదిలో నిలబెట్టి, చూస్తూ కూర్చుంది.

"రాయి మీద పువ్వు చెక్కినారు పాపా."

"అవునమ్మా."

"ఆడ పైన గబ్బిలం. నువ్వు చూసినావా?"

నిజానికి నేనూ చూడలేదు. పై దూలానికి వేలాడుతూ, రెక్కలు ముడుచుకుని ఉంది. దీపం చుట్టూ పొగ గురించి అడిగాను. లేదంది. లేత పసుపు వెలుగు ఉంది, అంతే అంది. తర్వాత నడిపించింది. గోతి అంచున ఆగింది, దూకింది, అవతల నిలబడింది. నా మోకాలి మీద ఒక దెబ్బ వేసింది.

ఇప్పుడు అమ్మకు రెండింటి మీదా అభిప్రాయాలున్నాయి. బుర్ర పెట్టి ఆడాలంటే పాతదేనట. కొత్తదాంట్లో వెనక్కి వెళ్ళే బటన్ ఉండడంతో మనిషికి భయం లేకుండా పోతుందట. ఊరికే కోటలో తిరిగి రావాలనిపిస్తే మాత్రం కొత్తది. ఆ బటన్ తను ఎప్పుడూ నొక్కనని చెప్తుంది. నొక్కుతుంది, నేను చూశాను.

ఈమధ్య ఆ సిరీస్‌లో రెండో భాగాన్ని కూడా కొత్తగా తెచ్చారు. దాంట్లో ఇద్దరు మనుషులు. ఒకరు మీట మీద నిలబడితేనే రెండోవారికి తలుపు తెరుచుకుంటుంది. పోయిన ఆదివారం నేను మెట్లెక్కుతుంటే లోపల్నుంచి అమ్మ అరుపులు వినిపించాయి. కంగారుగా వెళ్ళి చూస్తే, నాన్న రెండు చేతుల్తో కంట్రోలర్ పట్టుకుని, నాలుక పంటికింద పెట్టుకుని కూర్చున్నాడు.

"కదలబాకండి! ఆ మీట మీదే ఉండండి అంటే రాయినెందుకు తోస్తారు?"

"రాయే నన్ను తోసింది" అన్నాడు నాన్న.

ఆ గది మొదటి నుంచి మొదలుపెట్టారు. నేను చెప్పులు విడిచి వాళ్ళ పక్కన చాప మీద కూర్చున్నాను.