మూటలు వదిలి డిమ్‌సమ్‌కి

గజపతినగరంలో ఎనిమిదిన్నర బస్సెక్కాం, నేనూ మా అత్తా మావయ్యా. ఆడపడుచు పెళ్ళి బట్టల కోసం విజయనగరం ప్రయాణం. నేను కాపరానికి వచ్చినప్పటినుంచీ ఎవరి పెళ్ళి బట్టలకైనా ఇదే తంతు. మధ్యాహ్నం మగవాళ్ళు హోటల్లో భోజనం చేస్తారు. ఆడవాళ్ళు బట్టల కొట్టు మెట్ల మీద మూటలకి కాపలా కూర్చుంటారు. మగవాళ్ళు తిని, కిళ్ళీ వేసుకుని, తీరిగ్గా మాకు పొట్లాలు తెస్తారు. ఈ ప్రయాణాలు ఎప్పుడూ శనివారమే, ఆ రోజు అత్తకి ఒక్కపొద్దు, పగలు అన్నం ముట్టదు. కాబట్టి ఆవిడ పొట్లంలో పొద్దుట మిగిలి చల్లారిన ఇడ్లీలు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ విజయనగరంలో బల్ల ముందు కూర్చుని వేడిగా తిన్నది లేదు. ఈసారి తినిపించకుండా తిరిగి రాకూడదని బయల్దేరేముందే అనుకున్నాను. చెబితే ఏదో ఒక అడ్డు పెడతారని ఎవరికీ చెప్పలేదు.

బస్సులో పక్క సీటావిడ మమ్మల్ని పరకాయించి చూసింది. "పెళ్ళి బట్టలకా? మూటలు జాగర్తగా సూసుకోండమ్మా, ఎత్తుకుపోతారు" అంది. అత్త తలూపింది. నేను ఊపలేదు.

గంటస్తంభం దగ్గర కొట్లో ఒంటిగంటకి బేరాలు తెమిలాయి. మావయ్య లేచారు. "మీరిక్కడే ఉండండి. నాను తినీసొస్తాను."

మూటలన్నీ తీసుకెళ్ళి ఆయన కాళ్ళ దగ్గర పెట్టాను. "ముందు మేం తినొస్తాం మావయ్యా. మూటలు మీరు సూడండి."

"ఏటే, ఇయ్యన్నీ ఎవులు నేర్పినారు నీకు?"

"ఆకలి నేర్పింది."

గుమాస్తా నవ్వు ఆపుకుంటూ చీరలు మడతపెట్టాడు. అత్త లేవడానికి జంకింది. చెయ్యి పట్టుకుని లేపాను. నాకూ భయంగానే ఉంది. అయినా భయంకంటే కోపమే ఎక్కువగా ఉంది.

భోజన హోటళ్ళు అత్తకి పనికిరావు. టిఫిన్ హోటల్లో అడిగితే, నాలుగు దాటాకే పొయ్యి వెలిగిస్తామన్నారు. ఎండ మాడ్చేస్తోంది. "ఎల్లిపోదామే, మీ మావ కోపంగా ఉంటాడు" అంది అత్త. "ఉండనీ" అన్నాను.

మూడు లాంతర్ల కూడలి వైపు సందులో కాలేజీ పిల్లలు గుంపుగా నిలబడి ఉన్నారు. బోర్డు మీద డిమ్‌సమ్ అని ఉంది, చైనా వాళ్ళ ఆవిరి కుడుములట. పొయ్యి మీద ఒకదానిమీద ఒకటి వెదురు బుట్టలు, వాటిలోంచి ఆవిరి. రెండు బల్లలు, కొన్ని స్టూళ్ళు. ఒక్కపొద్దుకి ఉల్లీ పనికిరాదు, అడిగితే ఉల్లి లేకుండా మొక్కజొన్న పెట్టిన రకం ఉందన్నారు. ప్లేటు వంద లోపే.

అత్త బుట్టలోకి తొంగి చూసి కొట్టావిణ్ణి అడిగింది. "ఆవిరి మీదే కదా ఉడికింది?"

"అవునమ్మా."

"అన్నం లేదు గదా?"

"పైన మైదా, లోన మొక్కజొన్న. అంతే."

"అయితే పలహారమే" అని తీర్పు చెప్పి స్టూలు లాక్కుని కూర్చుంది.

పది నిమిషాల్లో ప్లేటు వచ్చింది. పక్కనున్న అమ్మాయి "అమ్మమ్మా, ఆ ఎర్ర చట్నీ మండిపోద్ది" అని హెచ్చరించింది. అత్త వినకుండా ముంచి, మొత్తం నోట్లో పెట్టుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నోరు కాలతన్నాదే" అంది సంతోషంగా.

ఇంత చిన్న విషయానికి ఇన్నేళ్ళు పట్టాలా? రెండో ప్లేటు అత్తే చెప్పింది.

తిరిగి వెళ్ళేసరికి మావయ్య మూటల మధ్య ముఖం ముడుచుకుని కూర్చుని ఉన్నారు. ఒక్క మూటా పోలేదు. మేం వచ్చాక ఆయనా వెళ్ళి కడుపునిండా తిని వచ్చారు. ఆకాశం విరిగి ఎవరి నెత్తినా పడలేదు. విజయనగరం వెళ్ళే ఆడవాళ్ళకి నేను చెప్పేది ఇంతే. మధ్యాహ్నం టిఫిన్ దొరకదు, ఆ సందులోకి వెళ్ళండి. మూటలు తోడొచ్చిన మగవాళ్ళకి అప్పజెప్పి మరీ వెళ్ళండి.

మూడున్నర బస్సులో సీట్లు దొరికాయి. ఆడవాళ్ళకి ఉచితం కనక కండక్టర్ మా ఆధార్ కార్డులు చూసి సున్నా టికెట్లు ఇచ్చి, మావయ్య దగ్గర డబ్బులు తీసుకున్నాడు. ఊరు దాటాక మావయ్య నోరు విప్పారు. "వచ్చే శనివారం జాకెట్లకి మళ్ళీ రావాల. ఇయ్యాల్టిలాగ తిరుగుతానంటే కుదరదు."

అత్త టికెట్టు కొంగున ముడేసుకుంటూ, తల ఎత్తకుండానే అంది. "నువ్వు రావద్దులే. మాకు ఊరికే, నీకే డబ్బులు దండగ."