రాహేలు విప్పిన మూట

ఇల్లు సర్దడమంటే రాహేలుకి ఒళ్ళుమంట. చీపురు పట్టిందంటే గిలకలదిండిలో వాళ్ళ వీధంతా వినపడేలా సణుగుతుంది. పగిలిన బకెట్టుని కూడా అటూ ఇటూ తిప్పి చూసి, అనుమానంగానే గుమ్మం అవతల పెడుతుంది. తాడుముక్కయినా పారెయ్యనివ్వని మొగుడు మత్తయి ఆవేళ తనే ఓ మూట కట్టి, "పాత సామాన్ల బండొచ్చింది, ఇచ్చెయ్" అన్నాడు. అడక్కుండానే ఇంత సాయమా, ఇందులో ఏదో ఉందనుకుని ఆమె గడప మీదే మూట విప్పింది. అడుగున, అతను ఎవర్నీ ముట్టుకోనివ్వని వల కుట్టే సూదులు కనిపించాయి.

"చూపు ఆనట్లేదా నీకు?" అంది.

"ఎవరు చెప్పారే?" అన్నాడు మత్తయి, గోడకేసి తిరిగి.

తన అనుమానం తప్పయితే బాగుండునని రాహేలుకి మొదటిసారి అనిపించింది. బండివాణ్ణి వెళ్ళిపొమ్మంది.