అత్త తిట్లు, ఎలుగు చెవులు

డిగ్రీ అయిపోయి ఉద్యోగం దొరకని రోజుల్లో మనిషికి తెలివి మహా ఎక్కువగా ఉంటుంది. వాడుకునే చోటు లేక అది ఇంట్లోవాళ్ళ మీద పడుతుంది. టెక్కలిలో ఫిజిక్సు చదివి (మార్కుల సంగతి అడక్కండి), ఉద్దానంలో మా మావ ఇంట్లో తిని కూర్చున్న రోజుల్లో నా పరిస్థితీ అదే. "మనిషి చెవికి ఇరవై వేల హెర్ట్జుల దాకానే వినిపిస్తుంది మావా, కుక్కకి అంతకు రెట్టింపు" అని అన్నం కలుపుకుంటూ చెప్పేవాణ్ణి. మావ "అలగా" అని పచ్చడి అందుకునేవాడు. అత్త ఊరుకునేది కాదు. "ఒరే సైన్సోడా, కుక్క సంగతి నాకెందుకు? మీ మావకి ఎంతవరకు ఇనబడతాదో అది సెప్పు ముందు" అనేది.

న్యాయమైన ప్రశ్నే. మావ చెవుల్లో లోపమేమీ లేదు. పక్కింట్లో చేపముక్క నూనెలో పడితే ఆయనకి వినబడేది. కొబ్బరితోటలు దాటి సముద్రం దాకా పోయే అత్త గొంతు మాత్రం వినబడేది కాదు. పెళ్ళయిన నాటి నుంచీ విని విని ఆయనకది గాలి చప్పుడులో కలిసిపోయింది.

తుఫాను మా జీడితోటని నేలమట్టం చేశాక మళ్ళీ వేసిన మొక్కలు ఆ ఏడే మొదటిసారి గట్టిగా కాశాయి. ఈ పంట చేతికొస్తే మావ ఊళ్ళో ఉంటాడు, రాకపోతే చెన్నై వలస పోతాడు. ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే, ఎవరమూ పైకి అనేవాళ్ళం కాదు. సరిగ్గా అప్పుడే తోటలోకి ఎలుగుబంటి దిగింది. పొద్దు వాలగానే వచ్చి, పళ్ళు తిని, కొమ్మలు విరిచి పోయేది. అత్త రేకుడబ్బా పట్టుకుని గట్టెక్కి అరిస్తే పారిపోయేది. కానీ పక్క ఊళ్ళో ఒకాయన మీద ఎలుగు పడిందని తెలిశాక ఆవిణ్ణి పంపడానికి మాకు భయమేసింది. మావ వెళ్తానంటే ఆవిడ వెళ్ళనివ్వలేదు. "నువ్వెల్తే అది నీ పక్కన కూకుని గుర్రుమన్నా నీకినబడదు!" అంది.

ఇంక సైన్సు రంగంలోకి దిగక తప్పలేదు. పలాస వెళ్ళి బ్యాటరీ మైకు తెచ్చాను. పందుల్ని తోలడానికి రైతులు వాడేదే. ఒకసారి గొంతు రికార్డు చేస్తే అదే మళ్ళీ మళ్ళీ అరుస్తూ ఉంటుంది. అత్త ముందు పెట్టి "కానీ అత్తా" అన్నాను. ఆవిడ నోరు తెరిచి, మూసేసింది. "ఎదురుగా ఎవులూ నేకుండా ఎలా తిట్టమంటావురా? నాకు రాదు."

మావని తీసుకొచ్చి ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టాను. ఆయన ఫొటోకి కూర్చున్నట్టు బుద్ధిగా కూర్చున్నాడు. ఇంక చూడాలి! "ఓలమ్మో, నిన్ను కట్టుకుని నానేటి సుకపడ్డాను? మాలచ్చికి కుడితెట్టేవా? నోట్లో ఆ సుట్ట తియ్యి!" అంటూ మొదలెట్టి ఆవిడ ఆగలేదు. మాలచ్చి అంటే మా గేదె. ఆ పేరూ, ఆ కుడితీ రికార్డులో పడ్డాయని నాకు తట్టనే లేదు. నా ఫోన్లోనూ రికార్డు చేసుకుంటూ, గొంతు ఎంత దూరం పోతుందో లెక్క కట్టే సంబరంలో ఉన్నాను.

మొదట్లో బాగానే పనిచేసింది. ఎలుగు రాలేదు. అత్త నా తల నిమిరి "సదువంటే ఇదేరా బావూ" అంది. నేను గాల్లో తేలాను. ఆ తర్వాత ఒక సాయంత్రం మైకు అరవగానే మాలచ్చి పలుపు తెంపుకుని తోటకి పరుగెత్తింది. మైకు ముందు నిలబడి కుడితి కోసం చూసి చూసి, విసుగొచ్చి రెండు మొక్కలు తొక్కేసి వచ్చింది. దాన్ని గొలుసుతో కట్టాం. గొంతు వినబడినప్పుడల్లా పాపం అది కట్టుకొయ్య దగ్గర గింజుకుంటూనే ఉండేది.

ఎలుగు మాలచ్చిలా వెర్రిది కాదు. గొంతుంది, మనిషి వాసన లేదు, రాయి లేదు, డబ్బా లేదు అని కనిపెట్టేసింది. ఒక పొద్దున్న వెళ్ళేసరికి తోటంతా కొమ్మలు విరిగి, పచ్చి పిందెలతో సహా నేలమీద ఉన్నాయి. మైకు కట్టిన చెట్టునే ముందు విరిచింది. మైకు బోర్లా పడి ఇంకా అరుస్తోంది: "నిన్ను కట్టుకుని నానేటి సుకపడ్డాను?" నాకు ఏడుపొచ్చింది. ఏదో ఒకటి చెప్పాలని, "ప్రమాదం లేదని తెలిస్తే జంతువు చెవి ఆ చప్పుణ్ణి పట్టించుకోదు అత్తా" అన్నాను. ఆవిడ విరిగిన కొమ్మ పట్టుకుని నేలమీద కూలబడింది. "మీ మావనడిగుంటే సెప్పేవోడు కదరా, మైకెందుకు?" అంది. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు.

మావ చెన్నై వెళ్ళడం ఖాయమైంది. సంచీ సర్దుతున్నంతసేపూ అత్త మాట్లాడలేదు. మావ వరండాలోంచి లోపలికి వచ్చి "ఏటన్నావు?" అని అడిగాడు. ఆవిడ చొక్కా మడతపెట్టి సంచీలో పెట్టింది. కాసేపాగి మళ్ళీ వచ్చి "ఏటో అన్నావు కదే?" అన్నాడు. ఆవిడ చీరకొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

పలాస స్టేషన్‌కి ఆయనతో నేనొక్కణ్ణే వెళ్ళాను. బండి వచ్చే వేళకి మావ ఫోను తీసి నా చేతిలో పెట్టాడు. "అల్లుడా, ఆ మైకులో మీ అత్త తిట్లున్నాయి కదా, నీ ఫోన్లోనూ ఉన్నాయన్నావు. అయి ఇందులో ఎక్కించు."

ఎక్కించాను. ఊరికే ఎక్కించి ఊరుకుంటే ఎంత బాగుండును! "ఈ చిన్న స్పీకర్లో కింది స్వరాలు పలకవు మావా, పైగా అక్కడ పనిచోట రొద, సరిగ్గా వినబడదు" అని బండి కదిలేదాకా సైన్సు చెప్పాను. కిటికీ ఊచలు పట్టుకుని పక్కనే నడుస్తూ మరీ చెప్పాను. ఇవాళ ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, సగంలోనే ఆగిపోతుంది. మావ అంతా ఓపిగ్గా విన్నాడు, ఫోను చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"ఇనబడతాదిలేరా" అన్నాడు.