ఒక సోఫా కోసం గృహప్రవేశం

ఒక సోఫా కోసం నేను మా ఆడపడుచును దూరం చేసుకోబోయాను, ఉన్న అద్దె ఇంటిని పోగొట్టుకోబోయాను, మా ఆయన దగ్గర కాస్తో కూస్తో మిగిలిన పరువును కూడా వదులుకోబోయాను. పోనీ ఆ సోఫా మీద ఒక్కసారైనా కూర్చున్నానా అంటే అదీ లేదు. అది ఫోన్లో ఉండే సోఫా. మీరు నవ్వుతారని తెలుసు, నవ్వండి. ఆ రెండు రోజులూ నాకు మాత్రం ఏది మా ఇల్లో, ఏది ఆటలో ఇల్లో, అసలు నేను పద్మనో కాదో కూడా సరిగా అంతుపట్టలేదు.

అప్పట్లో మేం నరసరావుపేటలో రెండు గదుల వాటాలో ఉండేవాళ్లం. మా ఆయన శ్రీను పురుగుమందుల కొట్లో పని చేసేవాడు. నేను ప్రైవేటు స్కూల్లో చిన్నపిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని. వేసవి సెలవుల్లో పొద్దుపోక ఫోన్లో ఒక ఆట వేసుకున్నాను. ఉచితమే. అందులో మనం ఒక బట్టల కొట్లో పిల్లగా మొదలుపెట్టి, ఫొటోలు దిగుతూ, పార్టీలకు వెళ్తూ, మెల్లగా పెద్ద తారగా ఎదగాలి. మధ్యాహ్నం ఎండకు వీధిలో కుక్క కూడా తిరగని వేళ, నేను చాప మీద పడుకుని తారగా ఎదుగుతూ ఉండేదాన్ని. మంచి గౌనులు వేసేదాన్ని. ఎవరెవరో వచ్చి సంతకం అడిగేవాళ్లు. స్కూల్లో ప్రిన్సిపాల్ కూడా నన్ను అంత మర్యాదగా పలకరించలేదు.

అలా ఎదిగి ఎదిగి ఒకరోజు ఒక భవనం కొన్నాను. తెల్లటి భవనం, ముందు ఈతకొలను. లోపల మాత్రం అంతా ఖాళీ. అప్పుడు ఆట నాకొక ఆశ చూపింది. 'మీ స్నేహితులందరినీ పార్టీకి ఆహ్వానిస్తే సోఫా ఉచితం' అంది. నాకొక బలహీనత ఉంది. ఫోను ఏం అడిగినా సరే అంటాను, కాదంటే ఏమనుకుంటుందో అని. పైగా ఇక్కడ సోఫా కూడా ఇస్తోంది. సరే అన్నాను. ఫోను మరో రెండు మూడు అనుమతులు అడిగింది. వాటికీ సరే అన్నాను. సోఫా వచ్చింది. ఎర్రది. నేను తృప్తిగా నిద్రపోయాను.

తలుపు బాదిన చప్పుడుకు మెలకువ వచ్చింది. పైన ఉండే ఇంటి ఓనరమ్మ, మేం పిన్నీ అని పిలుస్తాం, గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏందమ్మాయ్, ఖాళీ చేసేటప్పుడు నెల ముందు చెప్పాలని తెలవదా?"

"ఖాళీ ఏంది పిన్నీ?"

"ఏందా? ఇదుగో." తన ఫోను నా ముఖం మీద పెట్టింది. అందులో నా తెల్ల భవనం. కింద 'నేను నా కలల భవనం కొనుగోలు చేశాను! నా పార్టీలో చేరండి! ఇట్లు, పద్మ' అని ఉంది. నా స్నేహితులంటే ఆట దృష్టిలో నా ఫోన్లో నంబరున్న ప్రతివాళ్లూనట.

"అది నిజం ఇల్లు కాదు పిన్నీ, ఆటలో వచ్చింది."

పిన్ని ముక్కున వేలేసుకుంది. "ఆటలో వచ్చిందా! మా ఆయన పేకాటలో ఎకరం పొలం పోగొట్టాడు గానీ, ఇల్లు గెలిచిన ఆడదాన్ని నిన్నే చూస్తున్నానే. సరేలే, రేపు పొద్దున వాటా చూసుకోను ఎవరో వస్తారు. వంటిల్లు శుభ్రంగా ఉంచు."

నేను నోరు తెరిచేలోపు మెట్లెక్కి వెళ్లిపోయింది. ఈలోపు మాచర్ల నుంచి మా బాబాయి సందేశం: 'ఇల్లు బాగుందమ్మా. తూర్పు వాకిలేనా?' కంగారులో 'తెలియదు బాబాయ్' అని కొట్టాను. వాకిలి ఎటుందో చూడకుండా ఇల్లు కొన్నానని ఆయన మా నాన్నకు ఫోను చేశాడట. ఆ గొడవ వేరే.

అసలు పిడుగు సాయంత్రం పడింది. మా ఆయన చెప్పులు కూడా విప్పకుండా లోపలికొచ్చాడు.

"అక్క ఏడుస్తా ఉంది పద్మా. ఇల్లెప్పుడు కొన్నాం మనం?"

ఇక్కడ మా వదిన గురించి చెప్పాలి. మా ఆయన అక్క కోటేశ్వరమ్మను క్రోసూరు ఇచ్చారు. మా అత్తగారు మా ఆయన చిన్నప్పుడే పోతే, తమ్ముణ్ణి పెంచింది ఆవిడే. మా వైపు కొత్త ఇంట్లోకి దిగేటప్పుడు పొయ్యి మీద పాలు పొంగించాల్సింది ఆ ఇంటి ఆడపడుచే. ముందుగా వాళ్లింటికి వెళ్లి బొట్టు పెట్టి పిలవాలి. 'నేను ఇల్లు కడితే పాలు పొంగించేది నువ్వేనక్కా' అని మా ఆయన నిక్కర్ల వయసులో మాటిచ్చాడట. ఆ మాట పట్టుకుని ఆవిడ ఇన్నేళ్లుగా ఎదురుచూస్తోంది. అలాంటి మనిషిని నేను ఫోన్లో, అదీ 'పార్టీలో చేరండి' అని పిలిచాను.

"ఆట అండీ అది. నేనేం కొనలా. మీకు చెప్పకుండా పచ్చిమిరపకాయలు కూడా కొనను గదా!"

ఆయన ఫోన్లో ఫొటోను అటూ ఇటూ తిప్పి చూశాడు. "మరి ఈతకొలను ఎందుకు? మనిద్దరికీ ఈత రాదు గదా?"

"అందుకే గదా అది మన ఇల్లు కాదంటున్నా!"

"మరి కింద నీ పేరెందుకుంది?"

నిజం చెప్పొద్దూ, ఆయన అంత నమ్మకంగా అడుగుతుంటే ఎక్కడో నిజంగానే కొన్నానేమోనని నాకే అనుమానం వచ్చింది. వదినకు ఫోను చేస్తే కట్ చేసింది. మళ్లీ చేస్తే స్విచ్చాఫ్. మా ఆయన అన్నం ముందు కూర్చుని, కలిపి, తినకుండా లేచాడు. ఆయన అన్నం వదిలేసి లేవడం నేను అదే మొదటిసారి చూశాను. నాకు భయం వేసింది.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే మొదటి బస్సుకు వదిన దిగింది. ఒక చేతిలో పాల క్యాను, ఇంకో చేతిలో సంచి. మంచినీళ్లిస్తే తీసుకోలేదు. సంచిలోంచి తళతళలాడే ఇత్తడి గిన్నె తీసి నేల మీద పెట్టింది.

"మీ పెళ్లప్పుడే కొని దాచిపెట్టా. వీడి ఇంట్లో పాలు పొంగించాలని. ఇదుగో గిన్నె, ఇయ్యి మా గేదె పాలు. మీరే పొంగించుకోండి. నేను బొయ్యొస్తా."

ఆ గిన్నె చూసేసరికి నాకు ఏడుపొచ్చేసింది. "వదినా, నిన్ను పిలవకుండా నేను గుమ్మం కూడా తొక్కను. ఇల్లు ఫోన్లో ఉంది. కావాలంటే చూడు" అని ఆట తెరిచి చేతికిచ్చాను. ఇది రెండో తప్పు.

వదిన కళ్లజోడు పెట్టుకుంది. "ఈ గౌనేసుకుని తిరిగే పిల్లెవురు?"

"నేనే వదినా."

"నువ్వా? మరి మావోడేడి?"

"ఆయన... ఇందులో లేరు వదినా."

వదిన తలెత్తి తమ్ముణ్ణి చూసింది. తమ్ముడు నన్ను చూశాడు. నేను గోడను చూశాను.

"మావోడు లేకపోతే, ఆ ఎర్ర సోఫాలో కూచున్నదెవురు?"

"మేనేజరు వదినా. నాకు సినిమాలు అవీ చూసిపెడతాడు."

మా ఆయన గబుక్కున లేచొచ్చి ఫోన్లోకి తొంగి చూశాడు. "మేనేజరు చొక్కాకి గుండీలు లేవేంది?"

"ఆట వాళ్లు అట్టా చేశారండీ, నాకేం తెలుసు!"

"సోఫా ఎవురు తెచ్చారు?" అన్నాడు ఆయనే.

"నేనే."

"ఆడు కూచోటానికా?"

ఇలాంటి ప్రశ్నకు ఏ భార్య అయినా ఏం చెప్పగలదో మీరే చెప్పండి. నన్ను ఆదుకున్నది వదినే. ఆవిడ మా గొడవ పట్టించుకోకుండా వేలితో భవనమంతా తిరుగుతోంది. ఈతకొలను చూసింది. అద్దాల గది చూసింది. చెప్పులు పెట్టుకునే గది చూసింది. చివరికి కళ్లజోడు తీసేసింది.

"ఏమే పద్మా, వంటిల్లేది?"

నేనూ వెతికాను. మా ఆయనా వెతికాడు. అంత పెద్ద భవనంలో వంటిల్లు లేదు.

"చెప్పులకి గదుంది, పొయ్యికి చోటు లేదు!" వదిన గొంతులో కోపం పోయి జాలి వచ్చింది. "పాలు పొంగించకుండా దిగితే ఇట్టాగే ఉంటది మరి. అందుకే మొగుడు బయట, గుండీల్లేనోడు లోపల. లెగు, పొయ్యి ముట్టించు."

"అది ఆట వదినా!"

"ఆటో గీటో, దిగింది నువ్వేగా? నీ పేరుందిగా? నేనుండగా మా తమ్ముడి పెళ్లాం పాలు పొంగించని కొంపలో ఎట్టా ఉంటది?"

మా ఆయన నాకు సైగ చేశాడు, ఊరుకోమని. ఊరుకున్నాను. గ్యాసు పొయ్యికి పసుపు రాసి బొట్టు పెట్టాం. ఇత్తడి గిన్నెలో గేదె పాలు పోశాం. 'ఆ ఇంటిని కూడా ఇక్కడ పెట్టు, దానికి తెలియొద్దా' అని వదిన ఫోనును పొయ్యి పక్కన పోపుల డబ్బాకు ఆనించింది. తెరమీద నేను గౌనులో, మేనేజరు సోఫాలో, ఇద్దరం పాలు చూస్తూ ఉన్నాం.

సరిగ్గా అప్పుడే పిన్ని, వాటా చూడ్డానికొచ్చిన భార్యాభర్తల్ని వెంటేసుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చింది. ఆ వచ్చినావిడ పసుపు పొయ్యినీ, కొత్త గిన్నెనూ, చేతులు జోడించిన మా ముగ్గురినీ చూసింది. "ఏందండీ ఇది? ఇంట్లో వేరేవాళ్లు పాలు పొంగించుకుంటా ఉంటే మమ్మల్ని తీసుకొస్తారా?" అని పిన్నిని కడిగేసి, మొగుణ్ణి లాక్కుని వెళ్లిపోయింది. పిన్ని ఎవరి మీద అరవాలో తోచక నా వైపూ ఫోను వైపూ మార్చి మార్చి చూసింది.

ఆ సందడిలో అందరం పాలు మరిచిపోయాం. చిక్కటి గేదె పాలు నిండుగా లేచి, నురగతో గిన్నె దాటి, గట్టు మీదుగా సూటిగా వెళ్లి నా భవనం మీద పడ్డాయి. మేనేజరు మునిగాడు, సోఫా మునిగింది, నేనూ మునిగాను. తెర తెల్లగా అయింది, తర్వాత నల్లగా అయింది, తర్వాత ఫోన్లోంచి సన్నగా పొగ వచ్చింది.

వదిన వంగి పాలు పారిన దారి చూసింది. ఆవిడ ముఖం విప్పారింది.

"తూర్పుకే పొంగినయ్. చానా మంచిది" అంది.

మా ఆయన నవ్వు ఆపుకోలేక పెరట్లోకి పరుగెత్తాడు. ఆ మధ్యాహ్నం అక్కాతమ్ముళ్లు ఒకే కంచం దగ్గర కూర్చుని, మిగిలిన పాలతో నేను వండిన పరమాన్నం తిన్నారు. ఖాళీ చేసే మాట పిన్ని మళ్లీ ఎత్తలేదు. వెళ్లేటప్పుడు వదిన గిన్నెను తోమించి మళ్లీ సంచిలో పెట్టుకుంది. "ఇది ఇటుకల ఇంటికి" అని నా బుగ్గ గిల్లింది. ఫోను మాత్రం బాగుపడలేదు. ఫోన్లు బాగుచేసే కొట్టువాడు దాన్ని వాసన చూసి, 'ఏంటండీ ఇది, పాలకోవా?' అని అడిగాడు.

కాబట్టి అందరి ఎదుటా, పసుపు రాసిన ఆ పొయ్యి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఫోన్లో కోళ్లగూడు కొన్నా సరే, ముందు క్రోసూరు వెళ్లి, వదినకు బొట్టు పెట్టి పిలిచి వస్తాను. లోపల వంటిల్లు ఉందో లేదో చూస్తాను. సోఫా ఊరికే ఇస్తామంటే మాత్రం, మేం చాప మీదే కూర్చుంటామని చెప్తాను.