నాగరత్నం ఎడం చెయ్యి

పాలకొల్లు బజారు వెనక వీధిలో ఇత్తడి సామాన్ల కొట్టు జోగేశ్వరరావు గారింటి ముందు ముగ్గును చూడకుండా ఎవరూ దాటి వెళ్ళేవారు కాదు. పాలవాడు సైతం సైకిలు దిగి, పక్కనుంచి నడిపించుకుని పోయేవాడు. ఆయన తల్లి జగదాంబ గారికి అదో గర్వం. "మా కోడలు నాగరత్నం వేసిందండీ. రామచంద్రపురం పిల్ల. చుక్క పెట్టకుండానే గీత లాగేస్తుంది," అని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పుకునేవారు.

ఆవిడకు తెలియని సంగతి ఒకటుంది. నాగరత్నం ఆ ముగ్గు ఎడం చేత్తో వేసేది. వీధి లేవకముందే కల్లాపి చల్లి, గబగబా వేసేసి, చేతులు కడుక్కుని లోపలికి వచ్చేసేది. ఇక ఆ తరవాత రోజంతా కుడిచెయ్యే.

అది పుట్టింట్లో నేర్పిన విద్య. ఎడం చేత్తో అన్నం కలపబోతే నాయనమ్మ గరిటె కాడతో కొట్టింది. పలక మీద రాయబోతే మేష్టారు కొట్టారు. లాభం లేదని చివరికి తండ్రి పాత పంచె చింపి, ఆ పీలికతో చేతిని నడుముకి కట్టేశారు. బడినుంచి రాగానే కట్టడం, నిద్రపోయాక విప్పడం. ఎన్నాళ్ళు సాగిందో ఆమెకు గుర్తులేదు గాని, దురద పుడితే వెళ్ళి గోడకు రుద్దుకోవడం మాత్రం బాగా గుర్తు. కుడిచెయ్యి పని నేర్చింది. సరే, అదే సమయంలో ఆ పిల్లకు మాట తడబడటం మొదలైంది. ఏది అడిగినా చప్పున జవాబు రాదు. చుట్టాలంతా "ఎంత ఒద్దికైన పిల్లో!" అని మెచ్చుకున్నారు. ఆ ఒద్దిక చూసే జగదాంబ గారు కోడలిగా తెచ్చుకున్నారు. మనవాళ్ళు దేనికైనా ఇట్టే పేరు పెట్టేస్తారు కదా!

నాగరత్నానికి ఒక్కతే కూతురు, సత్యలక్ష్మి. వట్టి వసపిట్ట. వీధిలో పోయే రిక్షావాణ్ణి ఆపి, "నీ బండికి గంటేదీ?" అని ఆరా తీసేది. ఆ వసపిట్ట గిలక్కాయ పట్టిననాడే నాగరత్నం గుండె గుభేలుమంది. పట్టింది ఎడం చేత్తో.

అప్పటినుంచీ ఆ తల్లి పడిన పాట్లు అన్నీ ఇన్నీ కావు. పిల్ల ఎడం చెయ్యి చాస్తే చాలు, ఎవరూ చూడకుండా వస్తువును కుడిచేతిలోకి మార్చేది. అన్నం తానే కలిపి ముద్దలు పెట్టేది. "ఇంకా ఎన్నాళ్ళమ్మా ఆ గారాబం?" అని అత్తగారు విసుక్కున్నా నవ్వి ఊరుకునేది.

దివిసీమ ఉప్పెన వచ్చిన మరుసటి ఏడు, వసంత పంచమికి సత్యకు అక్షరాభ్యాసం పెట్టుకున్నారు. పళ్ళెంలో బియ్యం పోశారు. చుట్టాలు, బజారు కొట్లవాళ్ళు హాలు నిండా కూర్చున్నారు. పంతులుగారు "ఏదీ, చెయ్యి ఇలా ఇవ్వమ్మా," అన్నారు. సత్య పట్టులంగా సర్దుకుని, నవ్వుతూ ఎడం చెయ్యి చాపింది. పంతులుగారు కుడిచెయ్యి పట్టుకుని రాయించబోతే లాక్కుని, ఎడంచేతి వేలితో బియ్యంలో తనే ఒక గుండ్రటి పువ్వు గీసేసింది.

"హవ్వ! పుర్ర చెయ్యి!" అని ఎవరో ఆడమనిషి అంది. జగదాంబ గారికి తల కొట్టేసినట్టయింది.

చుట్టాలు భోంచేసి వెళ్ళగానే ఆవిడ తేల్చేశారు. "రేపట్నుంచి ఆ చెయ్యి కట్టెయ్యాలి. మొక్కగా ఉన్నప్పుడే వంచాలి."

నాగరత్నం మొగుణ్ణి పట్టుకుంది. "ఏవండీ, అది... అది పుట్టుకతో వచ్చిందండీ. వదిలెయ్యమనండి."

జోగేశ్వరరావు చెడ్డవాడు కాడు. పెళ్ళాన్ని ఏనాడూ గట్టిగా ఒక మాట అని ఎరగడు. ఆయన బాధంతా వేరు. "రేపు పేరంటాల్లో తాంబూలం ఇవ్వాలా? బంతిలో వడ్డించాలా? పుర్ర చేత్తో ఇస్తే ఎవరు పుచ్చుకుంటారు చెప్పు? నలుగురూ నవ్వరూ?" అన్నాడు.

నవ్వితే నవ్వనివ్వండి అనాలనుకుంది. మాట నాలుక చివరిదాకా వచ్చి అక్కడే కూలబడింది.

అందుకని మర్నాడు మాటతో కాకుండా చేత్తోనే చెబుదామనుకుంది పాపం. బాగా తెల్లవారేదాకా ఆగింది. అత్తగారు కాఫీ గ్లాసుతో అరుగు మీదికొచ్చి కూర్చున్నాక, వీధిలో జనం తిరుగుతుండగా, వాకిట్లో కూర్చుని ఎడం చేత్తో పిండి తీసుకుని ముగ్గు మొదలుపెట్టింది. తామర రేకులు ఒకదాని వెంట ఒకటి విచ్చుకున్నాయి. జగదాంబ గారు కాఫీ తాగడం మరిచిపోయి చూశారు.

"ఇదండీ... నా... నా చెయ్యి. మీరు మెచ్చుకున్న ముగ్గులన్నీ దీంతోనేనండీ, అత్తయ్యగారూ."

"ఓసి పిచ్చిదానా," అన్నారావిడ. గొంతులో కోపం లేదు. "ఇన్నేళ్ళూ దాచుకున్నావుటే?"

ఆ మెత్తటి మాటకు నాగరత్నం ప్రాణం లేచొచ్చింది. తన పిల్ల గట్టెక్కిందనే అనుకుంది.

"మరి నీకు ఎలా మాన్పించారే?"

"క... కట్టేవారండి."

"మరింకేం!" జగదాంబ గారి మొహం విప్పారింది. "నీకేం లోటొచ్చింది? బంగారంలా ఉన్నావు. ఇన్నాళ్ళు ఒకే కప్పు కింద కాపురం చేసి నాకే తెలీలేదంటే, మీవాళ్ళు ఎంత బాగా మాన్పించారో చూడు! దానికీ అంతే. నాలుగు రోజులు ఏడుస్తుంది, సర్దుకుంటుంది. నువ్వు కూడా ఆ ముగ్గు కుడిచేత్తోనే వెయ్యమ్మా ఇకమీద. ఎవరైనా చూస్తే బాగుండదు."

ఆవిడ ప్రేమగానే అన్నారు. కోపంగా అని ఉంటే నాగరత్నం ఎదురు తిరిగేదేమో. బంగారంలా లేనండీ, సగం మాటలు నోట్లోనే చంపుకుని బతుకుతున్నానండీ అని చెప్పాలి. చెప్పాలంటే మాట రావాలి కదా!

జగదాంబ గారు కొడుకు పాత పంచె చింపి తెచ్చారు. సత్య చెయ్యి నడుముకి ఆనించి గట్టిగా బిగించేసరికి పిల్ల కెవ్వుమంది. వేళ్ళు ఎర్రబడ్డాయి. నాగరత్నం ఉండబట్టలేక, "నేను కడతానండీ," అని ముందుకొచ్చింది. ఆ కట్టు విప్పి, పీలికను వెడల్పుగా పరిచి, లోపల మెత్తటి గుడ్డ పెట్టి, ఒరుసుకోకుండా కట్టసాగింది. తనకు ఎక్కడ ఒరుసుకునేదో ఆమెకు తెలుసు.

సత్య ఏడుపు ఆపి తల్లి చేతుల్ని వింతగా చూసింది. "అమ్మా, నువ్వూ ఈ చేత్తోనే ముడేస్తున్నావుగా! మరి నీకెవరూ కట్టరేం?"

అరుగు మీద అత్తగారు చూస్తున్నారు. నాగరత్నం చెప్పబోయింది. పెదవులు కదిలాయి, అంతే. వేసిన ముడి విప్పి, మళ్ళీ కుడిచేత్తో వేసింది. సరిగ్గా పడలేదు. ఇంకోసారి వేసింది.

అంతసేపూ సత్య కదలకుండా నిలబడింది. మరేం అడగలేదు.

"చూశావా, అప్పుడే ఎంత ఒద్దికొచ్చిందో," అన్నారు జగదాంబ గారు.